రూత్ క్రాఫర్డ్ సీగర్ ఛాంబర్ సంగీతాన్ని రికార్డు చేయడం ఎలా: స్కోరు కాగితం నుంచి మాస్టర్ దాకా

బాంజో పట్టుకుని ఉద్యమాల్లో పాడిన పీట్ సీగర్ పేరు మనవాళ్ళు చాలామంది విన్నదే. ఆయన సవతి తల్లి రూత్ క్రాఫర్డ్ సీగర్ పేరు మాత్రం, ఆధునిక సంగీతం చదువుకున్నవాళ్ళు తప్ప అమెరికాలో కూడా ఎవరూ పెద్దగా ఎత్తరు. ఆవిడ 1901లో ఒహాయోలోని ఈస్ట్ లివర్‌పూల్‌లో పుట్టారు, షికాగోలో చదువుకున్నారు. 1930లో సంగీత రచనకి గగెన్‌హైమ్ ఫెలోషిప్ అందుకున్నారు. ఆ విభాగంలో అది అందుకున్న మొదటి మహిళ ఆవిడే. ఆ డబ్బుతో బెర్లిన్ వెళ్ళి 1931లో ఒక స్ట్రింగ్ క్వార్టెట్, అంటే రెండు వయొలిన్లు, వయోలా, చెల్లో కలిసి వాయించే రచన, రాశారు. 1932లో ఛార్లెస్ సీగర్‌తో పెళ్ళయింది. పిల్లలు పుట్టారు, జానపద గీతాల పని నెత్తిన పడింది, సొంత రచన దాదాపు ఆగిపోయింది. మళ్ళీ కలం పట్టి 1952లో ఒక విండ్ క్వింటెట్, అంటే ఐదు గాలి వాద్యాల రచన, పూర్తి చేశారు. మరుసటి ఏడాదే కేన్సర్‌తో పోయారు.

ఈ మార్గదర్శి ఆవిడ ఛాంబర్ రచనల్ని రికార్డు చేయాలనుకునేవాళ్ళకోసం. ఛాంబర్ మ్యూజిక్ అంటే తెలిసిందే, ఒక్కో భాగానికి ఒక్కరే వాయించే చిన్న బృందాల సంగీతం. నేను మైకులు పట్టడం నేర్చుకున్నది కర్ణాటక కచేరీల దగ్గర. ఆ చేత్తోనే ఈ సంగీతం దగ్గరికి వెళ్ళి చెయ్యి కాల్చుకున్నాను. అందుకని ఎక్కడ కాలుతుందో కూడా చెబుతూ వెళ్తాను.

మొదటి అడుగు: ఏమేం రికార్డు చేయాలో తేల్చుకోవడం

ఆవిడ ఛాంబర్ రచనలన్నీ కలిపినా సుమారు గంటా పావు. అంటే ఒక్క సీడీలో పట్టేస్తాయి. రచనలు ఇవి: 1926 నాటి వయొలిన్ సొనాటా, ఐదు గాలి వాద్యాలకీ పియానోకీ రాసిన సూట్ (చిన్న భాగాల వరస), ఇది 1927లో రాసి 1929లో దిద్దినది, నాలుగు తీగ వాద్యాలకీ పియానోకీ 1929లో రాసిన రెండో సూట్, 1930, 31లలో రాసిన నాలుగు డయాఫోనిక్ సూట్లు, 1931 స్ట్రింగ్ క్వార్టెట్, 1952 విండ్ క్వింటెట్. డయాఫోనిక్ సూట్లు చిన్నవి. మొదటిది ఒంటరి ఓబోకో ఫ్లూట్‌కో, రెండోది బసూన్, చెల్లో జంటకి లేదా రెండు చెల్లోలకి, మూడోది రెండు క్లారినెట్లకి, నాలుగోది ఓబో లేదా వయోలాతో చెల్లోకి.

మనుషుల్ని లెక్కేద్దాం. ఒక స్ట్రింగ్ క్వార్టెట్, ఒక పియానిస్టు, ఐదుగురు గాలి వాద్యకారులు, మూడో డయాఫోనిక్ సూట్ కోసం రెండో క్లారినెట్. మొత్తం పదకొండు మంది. ఇంత తక్కువమందితో ఒక రచయిత ఛాంబర్ సంగీతమంతా ఒక్కచోట పెట్టే అవకాశం అరుదు.

క్వార్టెట్‌కి మాత్రం ఇప్పటికే మంచి రికార్డింగులున్నాయి. కంపోజర్స్ క్వార్టెట్ 1970లలో చేసింది, ఆర్డిట్టి క్వార్టెట్ చేసింది. కాబట్టి నిర్లక్ష్యం ఎక్కువగా జరిగింది క్వార్టెట్‌కి కాదు, దాని చుట్టూ ఉన్న రచనలకి. అయినా పని క్వార్టెట్ నుంచే మొదలుపెట్టమంటాను. అందులో మూడో భాగం, ఆందాంతే, మీ గదికీ మైకులకీ వాద్యకారులకీ మీకూ కలిపి ఒకేసారి పరీక్ష పెడుతుంది. అందులో పాసైతే మిగతావి వస్తాయి.

ఆ ఆందాంతే ఏమిటో ఇక్కడే చెప్పేయాలి, ముందుముందు ప్రతి అడుగులోనూ దాని పేరే వస్తుంది. అందులో ఎవరికీ పాటలాంటి వరస ఉండదు. నలుగురూ పొడుగాటి స్వరాలు పట్టుకుని కూర్చుంటారు. ఒకరి స్వరం మెల్లగా పెరిగి, శిఖరం చేరి, తగ్గుతుంది. అది తగ్గేలోపే పక్కవాళ్ళది పెరగడం మొదలవుతుంది. పక్కపక్కన నాలుగు ఉయ్యాలలు కట్టి ఒక్కోదాన్నీ ఒక్కో క్షణంలో ఊపినట్టు ఉంటుంది. ఏ క్షణంలో ఎవరి స్వరం పైకి లేచిందో, ఆ శిఖరాలన్నీ కలిపితే వచ్చేదే ఇందులోని మెలొడీ. అంటే ఇక్కడ సంగీతం స్వరాల్లో ఎంత ఉందో, శబ్దం హెచ్చుతగ్గుల్లోనూ అంతే ఉంది. మంద్రస్థాయిలో, చాలా సన్నగా మొదలై, పైపైకి పాకి, ఒకచోట నలుగురూ విరుచుకుపడి, మళ్ళీ కిందికి జారిపోతుంది. నిడివి నాలుగు నిమిషాలు అటూ ఇటూ.

సౌండ్ ఇంజనీర్లమైన మనకి రక్తంలో ఉన్న అలవాటు ఏమిటి? ఎక్కువ ఉన్నది తగ్గించడం, తక్కువ ఉన్నది పెంచడం. ఇక్కడ ఆ పని చేస్తే రచనే పోతుంది.

రెండో అడుగు: కాగితం

స్టూడియో బుక్ చేయకముందే స్కోర్లు తెప్పించుకోండి. క్వార్టెట్ మొదట 1941లో, అమెరికన్ సంగీత రచయిత హెన్రీ కవెల్ మొదలుపెట్టిన న్యూ మ్యూజిక్ పత్రికలో అచ్చయింది. ఇప్పుడు క్వార్టెట్, వయొలిన్ సొనాటా రెండూ థియొడోర్ ప్రెస్సర్ సంస్థ దగ్గర దొరుకుతాయి. తీగ వాద్యాల రెండో సూట్‌ని పండితులు పరిష్కరించిన ప్రతి 1993లో ఎ-ఆర్ ఎడిషన్స్ ద్వారా వచ్చింది. అమెరికా సంగీతాన్ని అచ్చువేసే ఒక పెద్ద గ్రంథమాలకి అదే మొదటి సంపుటం. ఆవిడ కాగితాలు వాషింగ్టన్‌లోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో సీగర్ కుటుంబం సేకరణలో ఉన్నాయి. అచ్చు ప్రతిలో అనుమానం వస్తే తేల్చుకునే చోటు అదే.

అనుమానం ఎందుకు వస్తుందో చెబుతాను. స్కోరులో ఒక హెయిర్‌పిన్, అంటే శబ్దం పెరగాలని చెప్పే ఆ సన్నటి కోణం గుర్తు, మూడో బీట్ దగ్గర ముగుస్తుంది. వయోలా పార్టులో, అంటే వయోలా వాయించేవాళ్ళ విడి కాగితంలో, అదే గుర్తు నాలుగో బీట్ దాకా సాగుతుంది. మామూలు సంగీతంలో ఇది పట్టించుకోవాల్సిన తేడా కాదు. ఆందాంతేలో శిఖరం ఒక బీట్ జరిగితే మెలొడీలో ఒక స్వరం చోటు మారినట్టే. నేనొకసారి వేరే రచనకి ఇలాంటి తేడా సెషన్ మధ్యలో కనిపెట్టాను. నలుగురు వాద్యకారులు, అద్దె హాలు, టిక్‌టిక్‌మంటున్న గడియారం, నేను స్కోరు మీద వేలుపెట్టి నిలబడ్డాను. నలభై నిమిషాలు పోయాయి. స్కోరునీ పార్టులనీ పక్కపక్కన పెట్టి, బార్ తరవాత బార్, ఇంట్లో కూర్చుని పోల్చుకోవాల్సిన పని అది.

ఆ పోల్చడం ఇలా చేయండి. నాలుగు రంగు పెన్సిళ్ళు తీసుకోండి. మొదటి వయొలిన్‌కి ఎరుపు, రెండోదానికి నారింజ, వయోలాకి ఆకుపచ్చ, చెల్లోకి నీలం. స్కోరులో ప్రతి హెయిర్‌పిన్ శిఖరం మీదా ఆ రంగుతో చుక్క పెట్టండి. అయ్యాక పేజీని కాస్త దూరంగా పట్టుకుని చూస్తే చుక్కల వరస ఒక దారిలా కనిపిస్తుంది. సెషన్‌లో మీ చెవి నడవాల్సింది ఆ దారి వెంటే.

మూడో అడుగు: హక్కులు, డబ్బు

ఇక్కడ చాలామంది పప్పులో కాలేస్తారు. రచయిత 1953లో పోయారు కదా, ఇండియా లెక్కన 60 ఏళ్ళు, యూరప్ లెక్కన 70 ఏళ్ళు దాటాయి కదా, ఇంకేం అడ్డం అనుకుంటారు. అమెరికాలో ఆ కాలంలో అచ్చయిన రచనలకి లెక్క చావు తేదీ నుంచి కాదు, అచ్చయిన ఏడాది నుంచి 95 ఏళ్ళు. హక్కుని గడువులో రెన్యువల్ చేయించి ఉంటే 1941 క్వార్టెట్‌కి 2036 చివరి దాకా రక్షణ ఉంటుంది. పైగా కొత్తగా పరిష్కరించిన ప్రతుల్లో సంపాదకులు చేసిన పనికి వేరే హక్కు ఉంటుంది. కాబట్టి రచన రచనకీ విడిగా ప్రచురణకర్తని అడగాల్సిందే.

రెండు రకాల అనుమతులున్నాయి. ఒక రచన ఇదివరకే హక్కుదారు ఒప్పుకోలుతో రికార్డై అమెరికాలో జనంలోకి వెళ్ళి ఉంటే, చట్టం ప్రకారం నిర్ణీత రుసుము కట్టి ఎవరైనా కొత్త రికార్డింగ్ చేయవచ్చు. హక్కుదారు కాదనలేరు. దీన్ని కంపల్సరీ మెకానికల్ లైసెన్స్ అంటారు. కానీ మీదే మొట్టమొదటి రికార్డింగైతే ఈ వెసులుబాటు వర్తించదు, నేరుగా అనుమతి తీసుకోవాలి. నిర్లక్ష్యానికి గురైన రచయితలతో పనిచేసేవాళ్ళు ఎప్పుడూ గుర్తుంచుకోవాల్సిన తేడా ఇది. మూలనపడ్డ రచన ఏదో దొరికిందని సంబరపడి ముందు రికార్డు చేసేసి, తరవాత ఉత్తరం రాయకండి.

డబ్బు సంగతి ముక్తసరిగా చెబుతాను. వాద్యకారులు, హాలు, పియానో ట్యూనర్, ఇంజనీరు, ఎడిటింగ్, లైసెన్సులు, బుక్‌లెట్: ఖర్చులు ఈ వరసలో ఉంటాయి. అమెరికన్ సంగీతం రికార్డింగులకి ఆరన్ కోప్లాండ్ ఫండ్, కొలంబియా యూనివర్సిటీలోని ఆలిస్ డిట్సన్ ఫండ్ సాయం చేస్తుంటాయి. లేబుల్స్‌లో 1975లో పుట్టిన న్యూ వరల్డ్ రికార్డ్స్ లాభాపేక్ష లేని సంస్థ, పనే అమెరికన్ సంగీతం. నాక్సోస్‌కి కూడా అమెరికన్ రచయితల వరస ఉంది. చాలా క్లాసికల్ లేబుల్స్ రికార్డింగ్ ఖర్చు పెట్టవు, తయారైన మాస్టర్ పట్టుకురమ్మంటాయి. ఆ మాట ముందే తెలిస్తే టెన్షన్ తగ్గుతుంది.

నాలుగో అడుగు: రిహార్సల్

మన దగ్గర సినిమా పాటలకి వాయించే వయొలిన్ బృందాలు క్లిక్ (తాళం చూపే టిక్‌టిక్ చప్పుడు) వింటూ, హెడ్‌ఫోన్లు పెట్టుకుని, రాసిచ్చింది ఒకటి రెండు సార్లు చూసి టేకు ఇచ్చేస్తాయి. గొప్ప నైపుణ్యం అది. ఈ సంగీతానికి మాత్రం పనికిరాదు. క్లిక్ వద్దు, హెడ్‌ఫోన్లు వద్దు. ఒకళ్ళ శ్వాస ఒకళ్ళకి వినపడాలి. ఒకే క్వార్టెట్‌గా కొన్నాళ్ళు కలిసి వాయిస్తున్నవాళ్ళు కావాలి. అప్పటికప్పుడు నలుగురు మంచివాళ్ళని కూర్చోబెడితే ఆందాంతేలో నలుగురు మంచివాళ్ళే వినిపిస్తారు.

రిహార్సల్‌లో జంటలుగా మొదలుపెట్టమనండి. ముందు వయోలా, చెల్లో మాత్రమే. ఒకరు పెరుగుతుంటే మరొకరు తగ్గడం, రెండూ ఒకే నెమ్మదితో. పెరగడం ఎంతసేపు పడుతుందో తగ్గడం కూడా అంతే మెల్లగా ఉండాలని రచయితే స్కోరులో సూచించారు. చెయ్యి తిరిగిన వాద్యకారులు కూడా ఇక్కడ తప్పుతారు. పెరిగేటప్పుడు ఓపిగ్గా పెరుగుతారు, తగ్గేటప్పుడు ఒక్కసారి వదిలేస్తారు. కమాను దిశ మారడం కూడా వినపడకూడదని ఆవిడ షరతు. వైబ్రాటో విషయంలో నా సలహా ఒకటే: నలుగురూ ఒకే తీరు ఎంచుకోండి, వీలైనంత తక్కువగా. శబ్దం అలలా లేస్తున్నప్పుడు స్వరం కూడా వణికితే ఏది అలో ఏది వణుకో చెవికి తెలియదు.

నాలుగో భాగంలో చిక్కు వేరు. మొదటి వయొలిన్ ఒక్క స్వరంతో మొదలుపెట్టి ప్రతిసారీ ఒకటి పెంచుకుంటూ పోతుంది. మిగతా ముగ్గురు మ్యూట్ (తీగల మోత తగ్గించే చిన్న బిళ్ళ) పెట్టుకుని, ఒకే వరసని వేరువేరు స్థాయిల్లో, ఇరవై స్వరాలతో మొదలుపెట్టి ఒక్కోటి తగ్గించుకుంటూ వస్తారు. సగం దగ్గర అంతా వెనక్కి తిరిగి, అర్ధస్వరం ఎత్తులో, మొదలుపెట్టిన చోటికే నడుస్తుంది. మొదటి వయొలిన్ గట్టిగా మొదలై స్వరాలు పెరిగేకొద్దీ సన్నబడుతుంది, ఆ ముగ్గురు దానికి ఎదురు. ముగ్గురూ ఒకే వరస వాయిస్తున్నారు కాబట్టి శ్రుతి వెంట్రుకవాసి తప్పినా మైకు పట్టేస్తుంది. మొదటి వయొలిన్‌ని బయటికి పంపి ఆ ముగ్గురితోనే ఒక పూట గడపమనండి.

ఐదో అడుగు: గది

ఈ సంగీతానికి గది నాలుగు గోడల మధ్య ఐదో వాద్యకారుడు. పొడిగా ఉండే స్టూడియోలో ఆందాంతే రికార్డు చేస్తే నాలుగు విడి తీగలు వినిపిస్తాయి, అల వినిపించదు. మరీ మోగే పెద్ద చర్చిలో చేస్తే ఒకరి శిఖరం మోత తగ్గకముందే మరొకరిది వచ్చి పడి అంతా ముద్దవుతుంది. చప్పట్లు కొట్టి చూస్తే ఒకటిన్నర సెకను అటూ ఇటూగా మోత ఆగే గది నాకు నచ్చుతుంది. ఎత్తు కప్పు, చెక్క నేల ఉంటే ఇంకేం కావాలి.

గదిని పగలు చూసి ఒప్పుకోకండి. మీరు రికార్డు చేసే వేళకే వెళ్ళి, మధ్యలో కుర్చీ వేసుకుని, ఫోన్ ఆపేసి ఐదు నిమిషాలు కూర్చోండి. ఏసీ, ట్యూబ్‌లైట్ గుయ్యిమనే చప్పుడు, బయట బస్సు, పైన విమానం, పక్కగదిలో ఫ్రిజ్. ఒక చిన్న చర్చిలో నేను ఫ్రిజ్ ఆపడం మర్చిపోయాను. మామూలు సంగీతం కింద అది వినపడేది కాదు. ఆందాంతే మొదటి బార్లలో చెల్లో కంటే ఫ్రిజ్ స్పష్టంగా వినిపించింది. ఆపినా ఒక బెడద ఉంది, వెళ్ళేటప్పుడు మళ్ళీ ఆన్ చేయడం మర్చిపోతే వాళ్ళ పాలూ కూరలూ పాడవుతాయి. దీనికి సౌండ్ వాళ్ళ చిట్కా ఒకటుంది: ఫ్రిజ్ ఆపి కారు తాళాలు అందులో పెట్టేయండి. తాళాల కోసం తలుపు తీయక తప్పదు.

కుర్చీలు కూడా చూసుకోండి, కిర్రుమనేవి పక్కన పెట్టండి. పేజీ తిప్పే చోట పార్టుల్ని పక్కపక్కన పరుచుకునేలా సర్దండి, లేదా పెడల్‌తో పేజీ మారే టాబ్లెట్లు వాడమనండి. తోలు బూట్లకి బదులు మేజోళ్ళు.

ఆరో అడుగు: మైకులు

కర్ణాటక కచేరీలో వయొలిన్‌కి క్లిప్ మైకో పికప్పో తగిలించి లెవెల్ పెట్టుకుంటాం. ఇక్కడ ఆ అలవాటు గుమ్మం బయటే వదిలేయాలి. ముఖ్యమైనది ఒక జత మైకులు మాత్రమే. రెండు ఓమ్నీలు, అంటే అన్ని వైపుల నుంచీ సమానంగా వినేవి, మధ్య అర మీటరు దూరంతో, ఒకే బార్ మీద. నేల నుంచి రెండున్నర, మూడు మీటర్ల ఎత్తులో, వాద్యకారులకి సుమారు రెండు మీటర్లు ముందు. గది మరీ మోగుతుంటే ఓఆర్‌టీఎఫ్ పద్ధతి: రెండు కార్డియాయిడ్ మైకులు, అంటే ముందువైపు శబ్దాన్నే ఎక్కువగా వినేవి, 17 సెంటీమీటర్ల దూరం, 110 డిగ్రీల కోణం. ఈ జతతోనే రచన తొంభై శాతం వినపడాలి. వినపడకపోతే మైకులు జరపండి, కొత్త మైకులు తేకండి.

అయినా నలుగురి దగ్గరా ఒక్కో స్పాట్ మైకు పెట్టుకుంటాం. స్పష్టత కాస్త కావాలంటే మిక్స్‌లో ముఖ్య జతకంటే 12 నుంచి 15 డెసిబెల్స్ కింద కలుపుకోవచ్చు. శబ్దం ఒక మీటరు నడవడానికి దాదాపు 3 మిల్లీసెకన్లు పడుతుంది. అందుకని స్పాట్ ట్రాక్‌ని ముఖ్య జత దూరానికి తగ్గట్టు ఆలస్యం చేసి కలపాలి, లేకపోతే వాద్యం ముక్కు ముందుకు పొడుచుకొచ్చినట్టు ఉంటుంది. కలిపాక ఆ స్లైడర్లు ముట్టుకోవద్దు. నాలుగో భాగంలో మ్యూట్ పెట్టుకున్న ముగ్గురూ సన్నగా ఉన్నారని వాళ్ళ స్పాట్లు పైకి తోయాలనిపిస్తుంది. మ్యూట్ పెట్టమన్నది రచయితే. వాళ్ళు సన్నగా ఉండాలనే పెట్టమన్నారు.

కూర్చునే వరస ఎడమ నుంచి కుడికి మొదటి వయొలిన్, రెండో వయొలిన్, వయోలా, చెల్లో. ఆందాంతేలో శిఖరం ఒకరి నుంచి ఒకరికి వెళ్తున్నప్పుడు స్పీకర్ల మధ్య కదులుతున్నట్టు తెలియాలి, దానికి ఈ వరస బాగా పనికొస్తుంది. స్టాండ్లకీ కుర్చీలకీ నేల మీద టేపుతో గుర్తులు వేసి ఫోటో తీసుకోండి.

లెవెల్స్ పెట్టేటప్పుడు ఆందాంతేలో విరుచుకుపడే చోటు వాయించమని అడగండి, అది మీటరు మీద −10 డెసిబెల్స్ దగ్గర ఆగాలి. 24 బిట్, 96 కిలోహెర్ట్జ్ చాలు. 24 బిట్‌లో అడుగున బోలెడంత చోటుంది, సన్నటి మొదలు గురించి కంగారుపడి గెయిన్, అంటే మైకు నుంచి వచ్చే శబ్దాన్ని పెంచే మీట, పెంచకండి. ఆ తరవాత సెషన్ అయిపోయేదాకా గెయిన్ మీద చెయ్యి వేయకూడదు.

గాలి వాద్యాల రచనలకి రెండు మాటలు. హార్న్ గంట, అంటే శబ్దం బయటికొచ్చే విచ్చుకున్న మూతి, వెనక్కి తిరిగి ఉంటుంది, వెనక గోడ మరీ దగ్గరుంటే దాని మోత అందర్నీ మింగేస్తుంది. పియానో ఉన్న సూట్‌లో ఫ్లూట్ కింది స్వరాలు వినపడకపోతే పియానో మూత సగానికి దించండి. వయొలిన్ సొనాటాకి మాత్రం మూత పూర్తిగా ఎత్తే ఉంచమంటాను, ఆ పియానో భాగం తోడు వాయించేది కాదు. ట్యూనర్‌ని పొద్దున ఒకసారి పిలిచి పంపేయకండి, మధ్యాహ్నం మళ్ళీ రావాలి.

ఏడో అడుగు: సెషన్

మూడేసి గంటల సెషన్లు పెట్టుకోండి. ఒక సెషన్‌లో పది పదిహేను నిమిషాల సంగీతం చేతికొస్తే బాగా జరిగినట్టు. క్వార్టెట్‌కి రెండు సెషన్లు కేటాయించండి.

ఆందాంతేతో మొదలుపెట్టకండి, ఎవరి చేతులూ వేడెక్కి ఉండవు. చివరికీ వదలకండి, కమాను పట్టిన చేతులు అలిసి కమాను మలుపులు వినపడిపోతాయి. మొదటి విరామం అవగానే, టీ తాగి వచ్చాక, అదీ దాని వేళ.

ముందు మొత్తం ఒకసారి ఆపకుండా. వెంటనే మళ్ళీ మొత్తం. తరవాత అందరూ లోపలికొచ్చి వినడం. ఆ తరవాత మళ్ళీ రెండు మూడుసార్లు మొత్తమే. ముక్కలు చివర్లో. ఎందుకంటే అందరూ స్వరం పట్టుకునే ఉంటారు, శబ్దం ఎప్పుడూ ఎక్కడో పెరుగుతూనో తగ్గుతూనో ఉంటుంది, ఒక టేకు అల మీద ఇంకో టేకు అల అతికించడానికి చోటు దొరకదు. మొత్తంగా బాగున్న ఒక టేకు చేతిలో లేకుండా ఇంటికెళ్తే ఎడిటింగ్‌లో ఏడుస్తారు.

ప్రొడ్యూసరు చేతిలో రంగు చుక్కల స్కోరు, పక్కన టేకుల కాగితం. ప్రతి టేకు ముందూ నంబరు, బార్లు గట్టిగా చెప్పండి. కాగితంలో నేను రాసేది ఇలా ఉంటుంది: "టేకు 9, మొత్తం. మొదలు చాలా బాగుంది. ఆకుపచ్చ రెండో చుక్క ముందొచ్చింది. నీలం తగ్గేటప్పుడు జారింది. మధ్యలో కుర్చీ. పై మెట్టు అద్భుతం. చివరి స్వరం మీద దగ్గు, నాదే." వాద్యకారులతో మాట్లాడేటప్పుడు కూడా "గట్టిగా, మెల్లగా" అనకండి. "మీ శిఖరం ఒక బీట్ ముందొస్తోంది" అనండి. వాళ్ళు వెంటనే సరిచేసుకుంటారు. గట్టిగా అంటే మాత్రం నలుగురూ పెంచుకుంటూ పోతారు, పావుగంటలో సన్నటి మొదలు మాయమవుతుంది.

ఈ ఆందాంతేని 1934లోనే రికార్డు చేశారు. హెన్రీ కవెల్ మొదలుపెట్టిన న్యూ మ్యూజిక్ డిస్కుల్లో, న్యూ వరల్డ్ స్ట్రింగ్ క్వార్టెట్ వాయించగా. ఒక పక్కకి నాలుగు నిమిషాల చిల్లర పట్టే డిస్కు, ఎడిటింగ్ అన్న మాటే లేదు. వాళ్ళకి ముక్కల దారి లేదు. మనకుంది కాబట్టే ఈ భాగానికి ఆ దారి మూసుకుని కూర్చోవాలంటున్నాను.

లేచే ముందు, మనుషులు గదిలో ఉండగానే, ఎవరూ వాయించకుండా ఒక నిమిషం గది శబ్దం మాత్రమే రికార్డు చేయండి. భాగాల మధ్య విరామంలో అది పరచాలి. డిజిటల్ నిశ్శబ్దం పెడితే ఎవరో స్విచ్ ఆపినట్టుంటుంది.

ఎనిమిదో అడుగు: ఎడిటింగ్, మాస్టరింగ్

రెండు మూడు రోజులు వినకుండా వదిలేయండి. తరవాత ఒక మంచి టేకుని పునాదిగా పెట్టుకుని, తప్పున్న చోటే అతుకు వేయండి. మొదటి రెండు భాగాల్లో అతుకులకి చోటు బాగానే దొరుకుతుంది. నాలుగో భాగంలో ఒకరి విరామంలో మరొకరు వాయిస్తుంటారు కాబట్టి జాగ్రత్త. ఆందాంతేలో ఒకటో రెండో మించితే మీ పునాది టేకు సరైంది కాదని అర్థం. అతుకు వేశాక స్కోరు చూడకుండా, కళ్ళు మూసుకుని, ఆ చోటుకి అర నిమిషం ముందు నుంచి వినండి. తెర మీద గీతలు చూస్తూ వింటే అతుకు ఎప్పుడూ బాగానే ఉంటుంది.

మాస్టరింగ్‌లో, అంటే విడుదలకి ముందు ఆఖరి మెరుగు దిద్దేటప్పుడు, హెచ్చుతగ్గుల్ని నొక్కేసే కంప్రెసర్ వద్దు, లిమిటర్ వద్దు. స్పాటిఫై మామూలుగా −14 లఫ్స్‌కి (శబ్దం ఎంత గట్టిగా ఉందో కొలిచే ప్రమాణం) దగ్గరగా లెవెల్ సర్దుతుంది కాబట్టి అక్కడిదాకా నెట్టాలని ఎవరైనా సలహా ఇస్తే నవ్వి ఊరుకోండి. ఆల్బమ్ మొత్తానికి ఒకే లెవెల్ ఉంచండి, భాగం భాగానికీ విడిగా పెంచొద్దు. సన్నగా ఉందని ఆందాంతే ట్రాక్‌ని పైకి తీస్తే, దాని పక్కన నాలుగో భాగం మొదటి స్వరం విలువ పడిపోతుంది. బస్సులో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని వినేవాళ్ళకి ఆందాంతే మొదటి కొన్ని సెకన్లు వినపడవు. వినపడకపోనివ్వండి.

తొమ్మిదో అడుగు: బుక్‌లెట్, పేరు

బుక్‌లెట్‌లో ఆవిడ జీవితం అంతా రాయక్కర్లేదు, వయొలిన్ సొనాటా కథ ఒక్కటి తప్పకుండా రాయండి. ఆవిడ తన ప్రతిని కాల్చేశారు. రచన పోయిందనే అనుకున్నారు. షికాగోలో చిన్నప్పుడు ఆవిడ దగ్గర సంగీతశాస్త్రం నేర్చుకున్న వివియన్ ఫైన్, తరవాత తనే పెద్ద రచయిత్రి అయిన ఆవిడ, ఒక ప్రతి దాచి ఉంచారు. 1982లో అది మళ్ళీ జనం ముందుకొచ్చింది. వినేవాళ్ళకి ఇది తెలిస్తే మొదటి నిమిషం వేరేగా వింటారు. జానపద గీతాల కాలం గురించి కూడా ఒక పేరా ఉండాలి. లోమాక్స్ తండ్రీకొడుకులు ఊళ్ళు తిరిగి డిస్కుల మీద పట్టుకొచ్చిన పాటల్ని, 1941లో వచ్చిన వాళ్ళ సంకలనం కోసం ఆవిడే మళ్ళీ మళ్ళీ విని స్వరాల్లోకి దించారు. గొంతులో చిన్న జారుడు కూడా వదల్లేదు. అంత చెవి ఉన్న మనిషి రాసిన హెయిర్‌పిన్‌ని సుమారుగా వాయిస్తే సరిపోతుందా?

ఇక పేరు. పెళ్ళికి ముందు రచనలు రూత్ క్రాఫర్డ్ పేరుతో వచ్చాయి, తరవాత రూత్ క్రాఫర్డ్ సీగర్. స్ట్రీమింగ్ సైట్లలో రెండు పేర్లూ రెండు మనుషుల్లా తిరుగుతుంటాయి, ఒకటి వెతికితే రెండోది దొరకదు. మీ డిస్ట్రిబ్యూటర్ ఫారంలో కంపోజర్ గడిలో ఒకే రూపం, అన్ని ట్రాకులకీ ఒకే స్పెల్లింగ్, అదీ ఇప్పటికే ఎక్కువ రికార్డింగులు ఏ పేరు కింద ఉన్నాయో చూసుకుని. ఆర్టిస్ట్ గడిలో వాద్యకారులు, కంపోజర్ గడిలో ఆవిడ, వీటిని తారుమారు చేయొద్దు. భాగాల పేర్లు స్కోరులో ఉన్నట్టే రాయండి: రుబాటో అస్సాయ్, లెజ్జియెరో, ఆందాంతే, అల్లెగ్రో పొస్సిబిలె. ప్రతి ట్రాకుకీ ఐఎస్ఆర్‌సీ కోడ్, అంటే రికార్డింగుని గుర్తించే అంతర్జాతీయ నంబరు, తీసుకోండి. అన్నీ నింపాక వాద్యకారులు కాని మనిషి ఒకరి చేత చదివించండి. విడుదలయ్యాక దిద్దుబాటు అన్ని సైట్లకీ చేరేసరికి వారాలు పడుతుంది, ఆ వారాల్లో వెతికినవాళ్ళకి ఆవిడ దొరకరు.